మన గురించి మనం చెప్పుకున్నవి ఎక్కడికి చేరాయి

2009 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఫేస్‌బుక్‌ను ఒక ఆట ఊపేసింది. మన గురించి ఇతరులకు తెలియని పాతిక సంగతులు రాయాలి. చివర పాతికమంది స్నేహితుల పేర్లు జోడించాలి. మనల్ని ఆటలోకి లాగినవారి పేరు అందులో ఉండితీరాలి. కొద్ది వారాల్లోనే లక్షలమంది రాశారు. చదివిన బడి, మొదటి ఉద్యోగం, పెంపుడు కుక్క పేరు, భార్యనో భర్తనో మొదటిసారి చూసిన చోటు, చీకటంటే ఉన్న భయం, ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని ఒక దిగులు. రాసినవాళ్ళలో చాలామంది అంతకుముందు తమ గురించి నాలుగు వాక్యాలు కూడా రాసి ఎరగరు.

ఇప్పుడు పోలీసులు, బ్యాంకులు ఇచ్చే సైబర్ హెచ్చరికలు చూడండి. వద్దనేవన్నీ దాదాపు ఆ పాతికలోనివే. పుట్టిన తేదీ పెట్టకండి, పిల్లల బడి పేరు చెప్పకండి, ప్రయాణాల సంగతి ముందే బయటపెట్టకండి అంటారు. ఈ హెచ్చరికలు అవసరమే. కానీ వాటి వెనకే ఒక నింద కూడా వస్తోంది. మోసపోయినవాళ్ళను ‘ఎవరు చెప్పమన్నారు?’ అని అడగడం మనకు అలవాటైపోయింది. గత ముప్పై ఏళ్ళలో ఏం జరిగిందో వరసగా చూస్తే ఆ నింద నిలవదు. మనుషులు తమ సంగతులు ఎప్పుడూ చెప్పుకుంటూనే ఉన్నారు. చెప్పినదాన్ని నిలవచేసి, ఒకదానితో ఒకటి కలిపి, చివరకు దానితోనే మన ఖాతాలకు తాళాలు వేసిన ఏర్పాట్లు మాత్రం తర్వాత వచ్చినవి.

రైల్లో ఎదురు సీటాయన ‘మీది ఏ ఊరండీ?’ అని అడిగితే మనం చెబుతాం. వెంటనే ఆయన తనదీ చెబుతాడు. పిల్లలెంతమంది అంటే అటునుంచీ ఆ లెక్క వస్తుంది. రాత్రి పడుకునే వేళకు ఆయన అల్లుడి ఉద్యోగం దాకా మనకు తెలిసిపోతుంది. జిక్ రూబిన్ అనే మనస్తత్వవేత్త 1975లో బోస్టన్ విమానాశ్రయంలో ఎదురుచూస్తున్న ప్రయాణికుల మీద చేసిన ప్రయోగం ఇదే సంగతి చూపింది. అపరిచితుడు తన గురించి ఎంత లోతుగా చెబితే అవతలివారూ అంత లోతుకు వెళతారు, ఒక హద్దు వరకు. 1973లో ఆల్ట్‌మన్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు స్నేహమంటేనే పైపై సంగతుల నుంచి లోపలి సంగతులకు మెల్లగా జరగడమని సిద్ధాంతం చేశారు. 1997లో ఆర్థర్ ఏరన్ బృందం ముప్పై ఆరు ప్రశ్నల వరస తయారుచేసింది. ముందు తేలికవి, పోనుపోను లోతైనవి. ఇద్దరు కొత్తవాళ్ళు ముప్పావు గంటసేపు వాటికి మార్చి మార్చి జవాబులు చెప్పుకుంటే, ఊసుపోక కబుర్లు చెప్పుకున్న జంటలకన్నా ఎక్కువ దగ్గరయ్యారు. ఇందులో కీలకం ‘మార్చి మార్చి’ అనే మాటలో ఉంది. ఒకరు ఇస్తేనే ఇంకొకరు ఇస్తారు.

అయితే మన దగ్గర పరిచయపు ప్రశ్నలు అందరికీ ఒకేలా తగలవు. ఇంటిపేరు అడగడం వెనక కులం తెలుసుకోవాలనే ఆరాటం ఉంటుందని తెలియనివారెవరు? జవాబు చెప్పడానికి జంకాల్సిన పరిస్థితి తరతరాలుగా ఉన్నవాళ్ళకు, మన ముచ్చటైన రైలు సంభాషణ విచారణలాగే వినిపిస్తుంది. ఆన్‌లైన్‌లో మారుపేరు దొరికినప్పుడు ఊపిరి పీల్చుకున్నవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. వారపత్రికల్లో కలం స్నేహం శీర్షికలు నడిచిన రోజుల్లోనూ ఇలాంటి తేడా ఉండేది. పేరు, వయసు, అభిరుచులు, చిరునామా అచ్చులో చూసుకుని మురిసిపోయే వీలు అబ్బాయిలకు ఉన్నంతగా అమ్మాయిలకు లేదు.

ఇంటర్నెట్‌లో మొదట కలుసుకున్న తెలుగువాళ్ళు అసలు పేర్లతోనే కలుసుకున్నారు. 1990ల తొలి సగంలో యూజ్‌నెట్ అనే తొలినాటి ఇంటర్నెట్ చర్చావేదికలోని తెలుగు బృందంలోనూ, ఆ తర్వాత తెలుసా, రచ్చబండ వంటి మెయిల్ బృందాల్లోనూ రాసినవాళ్ళు ఎక్కువగా విదేశాల్లో చదువుకుంటున్నవాళ్ళు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు. తెలుగు మాటను రోమన్ అక్షరాల్లో రాసుకుంటూ, ఛందస్సు మీద, కథల మీద వాదించుకుంటూ, మధ్యలో సొంత ఊళ్ళ గురించి చెప్పుకునేవారు. ఉత్తరం కింద పేరు, కొన్నిసార్లు విశ్వవిద్యాలయం పేరు కూడా ఉండేది. వాళ్ళకు భయం లేకపోవడానికి కారణం అమాయకత్వమని నేననుకోను. చదివేవారు కొద్దిమందే. వాళ్ళలో చాలామంది తిరిగి జవాబు రాసేవారు. రైలు పెట్టెలోని ఇచ్చిపుచ్చుకోవడం అక్కడింకా చెక్కుచెదరలేదు.

1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది. మరి కొన్నేళ్ళకు ఊరూరా నెట్ సెంటర్లు వెలిశాయి. ప్లైవుడ్ గదిలో కూర్చుని యాహూ చాట్ తెరిస్తే ముందుగా వచ్చే ప్రశ్న మూడక్షరాలది: ఏ ఎస్ ఎల్. వయసెంత, ఆడా మగా, ఎక్కడివారు. పేరు అక్కర్లేదు కాబట్టి ఈ మూడూ చెప్పినా ఎవరికీ దొరకమనే నమ్మకం ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2000లో, లటాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక లెక్క తేల్చారు. పుట్టిన తేదీ, ఆడ మగ వివరం, అయిదంకెల పిన్‌కోడ్ తెలిస్తే చాలు, 1990 జనాభా లెక్కల ప్రకారం అమెరికన్లలో 87 శాతం మందిని ఫలానా మనిషి అని విడదీసి పట్టుకోవచ్చు. చాట్‌లో అడిగే మూడింటికి ఇది కాస్త నిర్దిష్టమైన రూపం, అంతే. ఒక్కొక్కటిగా ఏమీ కాని వివరాలు కలిస్తే మనిషి చిరునామా అవుతాయన్న ఈ సంగతి పరిశోధకుల మధ్యనే ఉండిపోయింది. చాట్ గదుల్లోని కుర్రాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

అసలు మలుపు 2004 జనవరిలో మొదలైన ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమంతో వచ్చింది. తొలిరోజుల్లో ఎవరైనా పిలిస్తేనే అందులో చేరడం కుదిరేది. కొద్దికాలానికే బ్రెజిల్‌తో పాటు భారతదేశమూ దానికి ఆయువుపట్టు అయింది. లోపలికి వెళ్ళగానే పొడవాటి ఫారం. నా గురించి, ఇష్టమైన పుస్తకాలు, సంగీతం, వంటలు, మతం, రాజకీయ అభిప్రాయం, పొగతాగుతారా, మద్యం తాగుతారా, ఎవరితో కలిసి ఉంటారు, నాలో మీరు మొదట గమనించేది, ఇవి లేకపోతే బతకలేను అనుకునే అయిదు. ఒక మనిషి తీరిగ్గా నెలలపాటు అడగాల్సినవన్నీ ఫారం ఒక్క బిగిన అడిగింది. అది తన సంగతి మాత్రం ఏమీ చెప్పలేదు. ఇప్పుడు వెనుదిరిగి చూస్తే ఇచ్చిపుచ్చుకోవడం తెగింది ఇక్కడే అనిపిస్తుంది. జవాబు ఒకరికి చెప్పినట్టుండదు, గోడకు అంటించినట్టుంటుంది. చదివినవారు తమ గురించి చెప్పాలన్న మొహమాటం లేదు.

ఆ గోడ మీద కూడా జనం తమదైన చాటు వెతుక్కున్నారు. ఆర్కుట్‌లో స్క్రాప్‌బుక్ మొదట్లో అందరికీ కనిపించేది. ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో ఎవరైనా చదువుకోవచ్చు. స్నేహితులు మన గురించి రాసే టెస్టిమోనియల్ మాత్రం మనం ఒప్పుకున్నాకే బయటికి కనిపించేది. దాంతో ఫోన్ నంబరు, ప్రేమ సంగతి, పోట్లాట వంటివన్నీ టెస్టిమోనియల్‌గా రాసి, చివర ‘దీన్ని ఒప్పుకోవద్దు’ అని చేర్చేవారు. చదివి తీసేస్తే సరి. ఏ ఇంజనీరూ అనుకోని పద్ధతి ఇది, వాడేవాళ్ళే కనిపెట్టారు. అమ్మాయిలైతే తమ ఫొటో బదులు పువ్వునో సినిమా తారనో పెట్టి, పేరు సగమే రాసేవారు. కుర్రకారుకు గోప్యత పట్టదని తేలిగ్గా అనేసేవాళ్ళు ఈ రెండింటినీ గుర్తుచేసుకోవాలి. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది.

ఇక తాళాల సంగతి. పాస్‌వర్డ్ మరిచిపోతే ‘మీ మొదటి బడి ఏది, అమ్మ పుట్టింటి ఇంటిపేరేమిటి’ అని అడిగే పద్ధతిని మెయిల్ సంస్థలు, బ్యాంకులు విరివిగా వాడాయి. స్నేహానికి పనికొచ్చే ప్రశ్నలనే కాపలాకు పెట్టాయన్న మాట. పాతిక సంగతుల ఆటకు నాలుగు నెలల ముందే, 2008 సెప్టెంబరులో, అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ పడుతున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌లోకి ఒక కాలేజీ విద్యార్థి దూరాడు. అతను వాడిన సరంజామా ఏమిటంటే పుట్టిన తేదీ, పిన్‌కోడ్, భర్తను మొదట కలిసిన చోటు. అన్నీ నెట్‌లో వెతికితే దొరికినవే. అంత పెద్ద వార్త అయ్యాక కూడా ఆ ప్రశ్నలు చాలాచోట్ల కొనసాగాయి. 2015లో గూగుల్ పరిశోధకులు వెలువరించిన పత్రం ప్రకారం, ఇష్టమైన తిండి ఏదన్న ప్రశ్నకు ఇంగ్లిషు మాట్లాడేవాళ్ళ జవాబును ఒకే ఒక్క ఊహతో పట్టుకునే అవకాశం 19.7 శాతం. పెంపుడు జంతువు పేరు వంటి ప్రశ్నలు వాడొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ 2017లో గానీ తన మార్గదర్శకాల్లో తేల్చిచెప్పలేదు.

మన సమాజంలో ఇది మరీ విడ్డూరం. అమ్మ పుట్టింటి ఇంటిపేరు మనకెప్పుడు రహస్యం? శుభలేఖ తీసి చూడండి. తాతయ్యల, మేనమామల పేర్లు ఇంటిపేర్లతో సహా అచ్చువేస్తాం, ఆ శుభలేఖ ఇప్పుడు వాట్సాప్‌లో వందల ఫోన్లకు వెళుతుంది. ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి దించుకునే ఇ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఏమిటో అందరికీ తెలుసు: ఇంగ్లిషులో పేరు మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, ఆపైన పుట్టిన సంవత్సరం. మెయిల్‌కు వచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్లలో చాలావాటికి ఇలాంటి సూత్రమే. మిత్రులంతా కలిసి నలభయ్యో పుట్టినరోజు జరిపి ఫొటో పెడితే ఆ తాళం తెరుచుకున్నట్టే. దీనికి పుట్టినరోజు చేసుకున్న మనిషిని తప్పుపట్టడం అన్యాయం. పదిమందికీ తెలిసే వివరాన్ని తాళంచెవిగా ఎంచుకున్నవారిని అడగాలి.

తాము చెప్పకపోయినా తమ సంగతి బయటికి పోయిన వాళ్ళ కథ 2018 మార్చిలో బయటపడింది. మీ వ్యక్తిత్వం ఎలాంటిదో చెబుతామంటూ ఫేస్‌బుక్‌లో నడిచిన ఒక ప్రశ్నావళి యాప్‌ను ప్రపంచమంతటా సుమారు 2,70,000 మంది వాడారు. అప్పటి ఫేస్‌బుక్ నిబంధనల ప్రకారం ఆ యాప్ వాళ్ళ స్నేహితుల వివరాలూ తీసుకోగలిగింది. అలా 8.7 కోట్ల మంది దాకా సమాచారం కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థకు చేరి ఉండొచ్చని ఫేస్‌బుక్ ఒప్పుకుంది. భారత్‌లో ఆ యాప్‌ను వాడినవాళ్ళు 335 మంది. సమాచారం పోయి ఉండొచ్చన్నవాళ్ళు 5,62,455 మంది. అంటే ఇక్కడ ఒక్కొక్కరి సరదాకు సగటున పదహారు వందలమందికి పైగా మూల్యం చెల్లించారు. వాళ్ళు ఏ ప్రశ్నకూ జవాబు రాయలేదు, ఏ ఆటా ఆడలేదు. ‘ఎవరు చెప్పమన్నారు?’ అనేవాళ్ళు ఈ అంకె ముందు ఏమంటారో చెప్పాలి.

చట్టం ఆలస్యంగా కదిలింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాన్ని స్వాగతించినవాళ్ళలో చాలామంది మూడో సెక్షన్‌ను గమనించినట్టు లేదు. ఎవరైనా తమ వ్యక్తిగత సమాచారాన్ని తామే బహిరంగపరిస్తే, ఆ సమాచారానికి ఈ చట్టం వర్తించదని అది చెబుతుంది. చట్టంలోనే ఉదాహరణ కూడా ఇచ్చారు: బ్లాగులో తన అభిప్రాయాలు రాస్తూ ఒక స్త్రీ తన వివరాలను సామాజిక మాధ్యమంలో అందరికీ కనిపించేలా పెట్టింది, కాబట్టి ఆ వివరాలకు రక్షణ లేదు. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇలా చేతులు దులుపుకోదు. అక్కడ బహిరంగంగా ఉన్నంత మాత్రాన వ్యక్తిగత సమాచారం వ్యక్తిగతం కాకుండా పోదు. చిన్నతనంలో తెలియక పెట్టినవాటిని తర్వాత తీసేయించుకునే హక్కును అది ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది.

ఫేస్‌బుక్‌లో ఆ పాతిక సంగతులు రాసుకున్న చోటు నోట్స్. అందులో కొత్తగా రాసే వీలు 2020 అక్టోబరు 31తో ఆగింది. పాతవి, రాసినవాళ్ళు తీసేయకపోతే, అలాగే ఉన్నాయి. పందొమ్మిదేళ్ళప్పుడు అందరికీ కనిపించేలా రాసిన ఆ పాతిక సంగతులను ఈరోజు ఒక కంపెనీ పోగుచేసుకుని వాడుకుంటే, మన చట్టం దృష్టిలో రాసిన మనిషికి ఫిర్యాదు చేసే చోటు లేదు. ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు, అప్పటి వయసెంత అనేవి ఆ సెక్షన్ లెక్కలోకి తీసుకోదు. చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు మోపే భాగాలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు తీరేలోగా పార్లమెంటు ఈ మినహాయింపును సవరించి, కనీసం మైనర్లుగా ఉన్నప్పుడు పెట్టినవాటినైనా దాని నుంచి తప్పించాలి.