మొక్కలకు ఫెవీక్విక్ వాడితే చేపలు చస్తాయా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లకు, షాపులకు అక్వేరియంలు సెట్ చేసి ఇస్తుంటాను. రాయికి మొక్క అంటించడానికి ఫెవీక్విక్ తీయగానే ఇంట్లోవాళ్లకు టెన్షన్. "అన్నా, చేపలు చచ్చిపోవా?" అంటారు. చావవు.

అపోహ: ఆ జిగురు నీళ్లలో కరిగి విషమవుతుంది.

వాస్తవం: అది సయనోయాక్రిలేట్. తడి తగిలితే గట్టిపడుతుంది, గట్టిపడ్డాక ఒక రకం ప్లాస్టిక్కే. సముద్రపు అక్వేరియంలలో పగడపు ముక్కల్ని రాళ్లకు అతికించేదీ దీంతోనే. నీళ్లలో ముంచగానే తెల్లగా పేరుకుంటుంది. బూజనుకుని గీకకండి, మెల్లగా నాచు పట్టి రాయిలో కలిసిపోతుంది. జాగ్రత్త పడాల్సింది మనమే. దాని ఆవిరి కళ్లు మండిస్తుంది. కాటన్ గుడ్డ మీద ఒలికితే చర్మం కాలేంత వేడి పుడుతుంది.

అపోహ: ఏ మొక్కనైనా ఎలాగైనా అంటించొచ్చు.

వాస్తవం: మొక్కలు చచ్చేది ఇక్కడే. అనూబియాస్, జావా ఫెర్న్, బ్యూసెఫలాండ్రా, మాస్ (పాచిలాంటి చిన్న మొక్కలు) రకాలు వాగుల్లో రాళ్లను, దుంగలను పట్టుకుని బతికేవి. వీటిని అంటించొచ్చు. అమెజాన్ స్వోర్డ్, క్రిప్ట్‌ల (క్రిప్టోకొరైన్ మొక్కల) వేళ్లకు మాత్రం మట్టి కావాలి.

అనూబియాస్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. అల్లం కొమ్ములా అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది. ఆకులూ వేళ్లూ దాన్నుంచే వస్తాయి. దాన్ని గులకరాళ్లలో పూడ్చినా, జిగురుతో కప్పేసినా కుళ్లుతుంది. నొక్కితే మెత్తగా అయి వాసనొస్తే ఆ భాగం పోయినట్టే, కోసి పారేయాలి. అందుకే పొడవు వేళ్లు కాస్త కత్తిరించి, టిష్యూతో తడి తుడిచి, రాయి మీద రెండు చోట్ల బియ్యపు గింజంత జిగురు పెట్టి, వేళ్లను మాత్రమే అదిమి పట్టుకోండి. జెల్ రకం కారదు, నేనైతే అదే వాడతాను. ఈలోగా ఆకులు ఎండకుండా నీళ్లు చిలకరించండి.

అపోహ: జిగురు ఊడితే మొక్క పోయినట్టే.

వాస్తవం: వేళ్లు రాయిని పట్టుకునేదాకానే జిగురు పని. ఆ తర్వాత ఊడినా ఫర్వాలేదు.

అపోహ: రాయైనా, బొమ్మైనా ఏదైనా ఒకటే.

వాస్తవం: రంగు పొరలు లేచే బొమ్మకు అంటిస్తే రంగుతో సహా మొక్క ఊడొస్తుంది. మన చిత్తూరు గ్రానైట్ భేషుగ్గా ఉంటుంది, నీటిని మార్చదు. పాలరాయి, సున్నపురాయి నీటి కాఠిన్యం పెంచుతాయి. నిమ్మరసం పిండి చూడండి, నురగొస్తే ఆ రాయి వద్దు. శేషాచలం అడవి నుంచి కట్టె, రాయి తెమ్మని మాత్రం దయచేసి ఎవరినీ అడగకండి. అందులో 1989లో ప్రకటించిన జాతీయ పార్కు ఉంది, అక్కణ్నుంచి తేవడం నేరం.

అపోహ: జావా ఫెర్న్ ఆకు వెనక నల్లచుక్కలు జిగురు తెచ్చిన జబ్బు.

వాస్తవం: అవి సిద్ధబీజాల (ఫెర్న్‌కు విత్తనాల్లాంటివి) గుంపులు. ఆకు కొసన పిల్లమొక్కలూ పుడతాయి. వేళ్లు రాగానే తుంచి, ఇంకో రాయికి అంటించుకోండి.