ఇన్‌లాండ్ అంచులు

చిరంజీవి పెద్దాడికీ, చిట్టితల్లికీ తాతయ్య ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు చిట్టితల్లి నా కొత్త ఫోన్‌లో వాట్సాప్ పెట్టి ఇచ్చింది. పక్కింటి మాస్టారి పేరు నొక్కగానే పైన పసుపు రంగు డబ్బాలో చిన్న తాళం బొమ్మ, దాని పక్కన ఏదో రాత. ఈ మాటలు మీరిద్దరు తప్ప ఇంకెవరూ చదవలేరని దాని సారాంశం. "ఇంకెవరూ అంటే? పోలీసులు కూడానా తాతయ్యా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పెద్దాడు అందుకున్నాడు: "చదివితే చదవనీవే! మనమేమైనా దొంగలమా?" ఇంతలో మీ నాన్న బస్సు టైమవుతోందని తొందరపెట్టాడు. నా జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఫోన్‌లో చెబుదామంటే తెగేది కాదు. అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఉత్తరాల్లో ఎక్కువగా నడిచినవి పోస్టుకార్డు, ఇన్‌లాండ్. కార్డు మీద రాసింది ఎవరైనా చదవొచ్చు. పోస్ట్‌మాన్ చదివేవాడు, అరుగు మీద కూర్చున్నవాళ్లు చదివేవాళ్లు. మన చేతికి అందేసరికి మన కబురు వాళ్లే మనకి చెప్పేవాళ్లు. ఇన్‌లాండ్ అలా కాదు. నీలం కాగితం, మడతలు పెట్టి, అంచులకున్న జిగురుని నాలుకతో తడిపి అంటించాలి. ఆ జిగురు రుచి ఇప్పటికీ నా నాలుకకి గుర్తే. అయితే ఇన్‌లాండ్‌కి పక్కల చిన్న సందు ఉండేది. రెండు వేళ్లతో అటూ ఇటూ నొక్కితే గొట్టంలా ఉబ్బేది. ఒక కన్ను మూసి అందులోంచి చూస్తే నాలుగైదు మాటలు కనబడేవి. (నాకెలా తెలుసని అడక్కండి.) తెలివైనవాళ్లు ఆ సందుల్ని అన్నం మెతుకులతో మూసేసేవాళ్లు.

మామూలు ఎస్సెమ్మెస్ ఉంది చూశారూ, అది కార్డు జాతిది. దారిలో కంపెనీవాళ్లు చదవాలనుకుంటే చదవగలరు. వాట్సాప్ మాత్రం 2016 నుంచి మెతుకులు పెట్టి అంటించిన ఇన్‌లాండ్. చిట్టితల్లి చూసిన తాళం బొమ్మకి అర్థం అదే.

ఇక పెద్దాడి మాట. మా ఎదురింట్లో ఒక అవ్వ ఉండేది. కొడుకు భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీలో పని. అవ్వకి చదువు రాదు. ఉత్తరం వస్తే చదివిపెట్టేదీ, జవాబు రాసిపెట్టేదీ పదేళ్ల నేనే. అవ్వ చెప్పడం మొదలుపెడితే ఇన్‌లాండ్ అన్ని వైపులా నిండిపోయి, చివర్లో అంచుల వెంట అడ్డంగా రాయాల్సి వచ్చేది. గేదె ఈనింది, గాలికి మునగచెట్టు విరిగింది, నీ పెళ్లాం నన్ను ఇలా అంది, నేను అలా అన్నాను... ఒకసారి కొడుకు రాశాడు, అప్పు చేశాను, ఇంట్లో దానికి తెలియదు, నువ్వూ చెప్పకు అని. అవ్వకి చదివి వినిపించాను. సాయంత్రం గోళీలాటలో నా దోస్తుకి చెప్పాను. చెడ్డ ఉద్దేశమేమీ లేదు. నాకొక్కడికే తెలుసన్న గొప్ప, అంతే. వారం తిరక్కుండా కోడలి పుట్టింటిదాకా పాకింది.

అవ్వ నన్ను తిట్టలేదు. నాతో రాయించడం కూడా మానలేదు, ఆ వీధిలో రాసేవాళ్లు ఇంకెవరున్నారు? కానీ ఆ తర్వాత ఇన్‌లాండ్ తేలేదు, కార్డు తెచ్చేది. "ఏం రాయమంటావవ్వా?" అంటే కాసేపు నా మొహంలోకి చూసి, "ఇక్కడ అంతా క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయి నాయనా" అనేది. "ఇంకా?" "ఇంకేముంది, అంతే." సగం కార్డు ఖాళీగా పోయేది.

పెద్దాడా, అవ్వ దొంగ కాదు. ఆ ఖాళీ సగం కార్డు తప్ప నీ ప్రశ్నకి నా దగ్గర వేరే జవాబు లేదు.

ఇది ఒక కుర్రాడి నోటిదూల. అదే పని సర్కారు చేస్తే ఎలా ఉంటుందో కూడా మన దేశంలో ఒకాయన చూశాడు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని. 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసి ఊరుకున్నారా, ఆయన పేరున హిస్టరీ షీటు, అంటే పోలీసులు కన్నేసి ఉంచడానికి రాసుకునే చిట్టా, తెరిచారు. రాత్రిళ్లు ఊరి చౌకీదారు, ఒక్కోసారి కానిస్టేబుళ్లు వచ్చి తలుపు బాది, కేకలేసి నిద్రలేపేవాళ్లు. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. వెళ్లే చోటి స్టేషన్‌కి కబురు వెళ్లేది. ఆయన సుప్రీంకోర్టుకెక్కాడు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటి మీదికి రావడం కుదరదని కోర్టు ఆ ఒక్కటీ ఆపింది. మిగతా నిఘాని ఉండనిచ్చింది. మన రాజ్యాంగంలో ప్రైవసీ అన్న హక్కు లేదంది.

ఆరుగురు జడ్జీల్లో ఇద్దరు అంత మాత్రానికి ఒప్పుకోలేదు. ఆ ఇద్దరిలో ఒకరు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. ఎవరో కనిపెట్టి రాసుకుంటున్నారని తెలిసినవాడు ఒళ్లు కదిలించగలడు గానీ స్వేచ్ఛగా తిరగలేడు, లోపల జంకు పట్టుకుంటుంది అని ఆయన రాసిన దాని సారం. పెద్దయ్యాక ఎక్కడో అది చదువుతుంటే అవ్వ నా మొహంలోకి చూసిన చూపు గుర్తొచ్చి పేజీ మూసేశాను.

ఆయన మాట దాదాపు 55 ఏళ్లు అలా పడి ఉంది. 2012లో కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి గారు ఆధార్ మీద కేసు వేశారు. అప్పటికి ఆయనకి 86 ఏళ్లు, నాకంటే పెద్ద. ప్రైవసీ ప్రాథమిక హక్కని పాత తీర్పులు చెప్పలేదు కదా అని ప్రభుత్వం వాదించింది. దాంతో తొమ్మిది మంది జడ్జీలు కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒక్క మాటగా, ప్రైవసీ హక్కే, రాజ్యాంగం 21వ అధికరణంలో ఇచ్చే ప్రాణ, స్వేచ్ఛా హక్కుల్లో అదీ భాగమే అన్నారు. సుబ్బారావు గారి మాట నెగ్గింది. ఆ తీర్పులో ఇంకో ముచ్చట. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, జైల్లో పెట్టినవాళ్లు స్వేచ్ఛ కోసం కోర్టుకి రాకూడదని ఒక తీర్పు వచ్చింది. దాన్ని ఇచ్చినవాళ్లలో వై.వి. చంద్రచూడ్ ఒకరు. 2017లో ఆ తీర్పు తప్పని రాసింది ఆయన కొడుకు డి.వై. చంద్రచూడ్. కాబట్టి మీ నాన్న లెక్క తప్పు చేస్తే దిద్దడానికి మొహమాటపడకండి. మర్యాదగా దిద్దండి, అంతే.

పేపర్లవాళ్లు దీన్ని గోప్యత హక్కు అంటారు. నాకా మాట అంతగా పట్టదు. గోప్యత అంటే ఏదో పాతిపెట్టినట్టుంటుంది. అవ్వ పాతిపెట్టిందేముంది, గేదె సంగతే కదా.

అయితే ప్రభుత్వం ఎవరి ఫోనూ వినకూడదా అంటే, అలా అనను. ఏ పసిబిడ్డనో ఎత్తుకుపోయినవాడి ఫోన్ వినకపోతే వాణ్ణి పట్టుకునేదెలా? కోర్టూ వద్దనలేదు. దానికో చట్టం ఉండాలి, నిజమైన అవసరం ఉండాలి, అవసరానికి తగినంతే ఉండాలి, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కూడదు అంది. ఫోన్లు వినడానికి తెల్లవాళ్లు 1885లో చేసిన టెలిగ్రాఫ్ చట్టమే చాలాకాలం ఆధారం. దానికి ఒక పద్ధతి ఉండాలని 1996లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది గానీ పద్ధతి ఇంచుమించు అదే. మామూలుగా హోంశాఖ కార్యదర్శి కాగితం మీద ఉత్తర్వు ఇవ్వాలి. అది 60 రోజులు పనిచేస్తుంది. ఎంత పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. తర్వాత ఒక కమిటీ సరిచూస్తుంది.

నాకు ఇందులో నచ్చనిది ఒకటుంది. అడిగేది అధికారి, ఇచ్చేది అధికారి, సరిచూసే కమిటీలో ఉండేదీ అధికారులే. జడ్జి ఎక్కడా తగలడు. ఎవరి ఫోన్ విన్నారో వాళ్లకి పని అయిపోయాకైనా చెప్పాలన్న నియమం లేదు. నేను వాగానని అవ్వకి తెలిసింది కాబట్టి కార్డుకి మారింది. తెలియకపోయుంటే ఇన్‌లాండ్ అంచుల దాకా చెబుతూనే ఉండేది, నేను ఊరంతా చెబుతూనే ఉండేవాణ్ణి.

ఉత్తరాల మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. అవసరం పడితే ఉత్తరాలు ఆపి చూసే అధికారం 1898 పోస్టాఫీసు చట్టంలోనే ఉండేది, దాని బదులు 2023లో చేసిన కొత్త చట్టంలోనూ ఉంది. పాత చట్టం చాలదని 1986లో ఆ అధికారాన్ని ఇంకా విస్తరించే బిల్లు పార్లమెంటు రెండు సభల్లోనూ పాసైంది. రాష్ట్రపతి జైల్ సింగ్ గారు సంతకం పెట్టలేదు, తిప్పి పంపనూ లేదు. బల్ల మీద ఉంచేసుకున్నారు! ఆ బిల్లు చట్టం కాకుండానే పోయింది. ఒక్కోసారి ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా పనే. మీ అమ్మతో మాత్రం ఈ మాట నేనన్నానని చెప్పకండి.

ఇప్పుడు తాళం. ఇనప్పెట్టెలకి వేసే తాళంకప్ప తెలుసుగా, చెవి లేకపోయినా నొక్కితే పడిపోయే రకం. చిట్టితల్లి అలాంటి కప్పలు తెరిచి అందరికీ పంచిపెట్టిందనుకో. తాళంచెవి మాత్రం తన జేబులోనే ఉంచుకుంది. ఎవరైనా ఉత్తరాన్ని పెట్టెలో పెట్టి, ఆ కప్ప నొక్కి పంపవచ్చు. నొక్కాక పంపినవాడు కూడా తెరవలేడు. చెవి దారి వెంట ప్రయాణమే చేయలేదు, ఇక దొంగిలించేదెక్కడ? ఫోన్‌లో ఈ కప్ప అంకెలతో చేసింది. గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం అన్న కిటుకు మీద నడిచే రకం ఒకటుంది. పెద్దాడా, మీ క్లాసులో 10,403 బోర్డు మీద రాసి, ఏ రెండు సంఖ్యల్ని గుణిస్తే వస్తుందో చెప్పమను. ఒకటి కాకుండా. నువ్వు మాత్రం 101ని 103తో అర నిమిషంలో గుణించి చూసుకో. అసలు తాళాల్లో అంకెలు ఎన్ని వందల స్థానాలుంటాయో తలుచుకుంటే నాకు ఊపిరాడదు. అక్కణ్ణించి ముందుకి మీ లెక్కల టీచర్ని పట్టుకోండి.

కానీ ఎంత అంటించినా ఇన్‌లాండ్ పైభాగం అందరికీ కనబడుతుంది. మా రోజుల్లో శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసేవాళ్లు. విప్పకుండానే పోస్ట్‌మాన్ "ఏమండోయ్, పెళ్లా?" అనేవాడు. ఫోన్‌దీ అంతే. ఎవరికి చేశావు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ దగ్గర నుంచి అన్న లెక్క కంపెనీ దగ్గర ఉంటుంది. దాన్ని రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో ప్రభుత్వం నియమం మార్చింది, అంతకుముందు ఏడాదే. ఒకడు అర్ధరాత్రి డాక్టరుకి మూడుసార్లు, తెల్లారి అన్నకి, ఆపైన లాయరుకి ఫోన్ చేశాడంటే మాటలు వినాలా ఏమిటి, ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలియడానికి?

ఇక్కడితో నా ఇన్‌లాండ్ పోలిక చిరిగిపోతోంది. పోస్ట్‌మాన్ ఎన్ని ఉత్తరాలని గుర్తుపెట్టుకుంటాడు? యంత్రం మర్చిపోదు, అలసిపోదు. పైగా మన ఫోన్‌లోకే దూరి మనతోపాటు చదివే దొంగ ప్రోగ్రాములున్నాయి. 2021లో పెగాసస్ పేరుతో దేశమంతా గొడవైంది దాని గురించే. భుజం మీంచి తొంగిచూసేవాడికి జిగురుతో పనేముంది?

చాలు, నా చెయ్యి నొప్పెడుతోంది. మీరిద్దరూ ఒక పని చేయండి. పక్కపక్కన కూర్చుని, మీ అమ్మ ఫోన్‌లో నాన్న పేరు, నాన్న ఫోన్‌లో అమ్మ పేరు నొక్కండి (అడిగి తీసుకోండి, లోపల ఏమీ చదవద్దు). అక్కడ ఎన్‌క్రిప్షన్ అని ఉన్నచోట నొక్కితే 60 అంకెలు వస్తాయి, అయిదేసి చొప్పున పన్నెండు గుంపులు. ఒకరు పైకి చదవండి, ఇంకొకరు సరిచూడండి. రెండూ ఒకటే అయితే, మధ్య దారిలో ఎవరూ మన కప్ప తీసేసి తమ కప్ప పెట్టలేదన్నమాట. తేడా వస్తే నాకు చెప్పండి, నాకూ టెన్షనే.

ఉంటాను,
మీ తాతయ్య

తా.క. జవాబు ఇన్‌లాండ్‌లోనే రాయండి. పోస్టాఫీసులో అడిగితే ఇస్తారు. క్షేమం సంగతి ఒక్క ముక్కలో కానిచ్చి, మిగతా వైపులన్నీ నింపండి. అంటించే ముందు ఎవరికీ చూపించక్కర్లేదు. మెతుకులు మర్చిపోకండి.