పాత రైఫిల్‌కు స్కోప్ రింగుల ఎత్తు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని టెక్సాస్‌లో పాత రైఫిళ్లను బాగుచేయడం నా వృత్తి. పాత జర్మన్ మౌజర్‌కో, బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్‌కో స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించమని వచ్చేవారిలో చాలామంది దాన్ని పట్టి ఉంచే రింగులు ముందే కొని తెచ్చుకుంటారు. తీరా బిగించి చూస్తే అవి ఆ తుపాకీకి సరిపోవు. కొత్త రైఫిల్‌కు చెప్పే లెక్కనే పాతదానికీ వాడడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఇప్పటి రైఫిల్‌ను స్కోప్ ఉంటుందన్న ఉద్దేశంతోనే రూపొందిస్తారు. పాత సైనిక రైఫిల్‌ను మాత్రం ఇనుప గురితో కాల్చడానికి, పైనుంచి క్లిప్పుతో (గుళ్లను వరసగా పట్టి ఉంచే రేకు) గుళ్లు నింపడానికి తయారుచేశారు. అందువల్ల దానిమీద రింగుల ఎత్తును ముందున్న పెద్ద కటకం కంటే వెనకనున్న బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ), సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట), చెంప ఆనే చోటు ఎక్కువగా నిర్ణయిస్తాయి. కొలతలకు కూర్చునే ముందు తూటా పేలే ఛాంబర్‌లోనూ తూటాలు నిలవుండే మ్యాగజైన్‌లోనూ తూటా లేదని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

అపోహ: ముందు కటకం వ్యాసం తెలిస్తే రింగుల ఎత్తు తెలిసిపోతుంది.

వాస్తవం: స్కోప్‌మీద 40 మి.మీ. అని ఉంటే అది కటకం కొలత మాత్రమే. దాని చుట్టూ ఉన్న గంట ఆకారపు గొట్టం బయటి వ్యాసం సుమారు 48 మి.మీ. ఉంటుంది, మనకు కావలసింది ఆ కొలత. అందులో సగం 24 మి.మీ.; బ్యారెల్‌కు తగలకుండా, మూత పెట్టుకోవడానికి వీలుగా మరో 3 మి.మీ. కలిపితే 27 అవుతుంది. ఆ గంట భాగం వచ్చే చోట బ్యారెల్ ఉపరితలం కంటే బేస్ (రింగులు కూర్చునే పట్టీ) పైభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి తీసివేయాలి. ఆ తేడా 9 మి.మీ. అనుకుంటే, బేస్ పైనుంచి గొట్టం కేంద్రం వరకు కనీసం 18 మి.మీ. ఎత్తు కావాలి.

ఇంతటితో పని సగమే అయింది. బ్యారెల్‌మీద పాత వెనక గురి ఇంకా ఉంటే, పొట్టి స్కోప్ గంట భాగం సరిగ్గా దానిపైకే రావచ్చు. అప్పుడు బ్యారెల్ నుంచి కాక ఆ గురి శిఖరం నుంచి కొలవాలి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం స్ప్రింగ్‌ఫీల్డ్ ఎం1903ఎ4 రైఫిల్‌కు స్కోప్ బిగించినప్పుడు ఇనుప గురిని పూర్తిగా వదిలేసింది.

అపోహ: రింగులు ఎంత తక్కువ ఎత్తులో ఉంటే అంత మంచిది.

వాస్తవం: ఈ మాటలో నిజం లేకపోలేదు, కానీ మౌజర్ 98 విషయంలో ఇదే ఎక్కువమందిని ఇబ్బంది పెడుతుంది. ఆ రైఫిల్ బోల్టు చివర రెక్కలాంటి సేఫ్టీ ఉంటుంది. అది ఎడమకు ఉంటే తుపాకీ పేలుతుంది. నిటారుగా ఉంటే పేలదు గాని బోల్టు కదులుతుంది. కుడికి ఉంటే బోల్టు కూడా బిగుసుకుంటుంది. ఎడమనుంచి కుడికి వెళ్లాలంటే ఆ రెక్క నిటారు స్థితిని దాటి తీరాలి. కంటివైపు గొట్టం కిందికి ఉంటే రెక్క దానికి తగిలి సగంలోనే ఆగిపోతుంది, అంటే ఆ తుపాకీకి సేఫ్టీ లేనట్టే. రింగుల ఎత్తు పెంచి దీన్ని సరిచేయడం కంటే పక్కనుంచి నడిచే సేఫ్టీ అమర్చుకోవడం మేలు.

బోల్టు పిడిదీ ఇదే కథ. మౌజర్ 98 తొలి రూపమైన గెవేర్ 98లో మూసినప్పుడు పిడి అడ్డంగా ఉంటుంది, తెరవడానికి తిప్పితే నిలువుగా పైకి లేచి స్కోప్‌ను కొడుతుంది. దాని తర్వాతి పొట్టి రూపమైన కర్98కెలో పిడిని కిందికి వంచినా, స్కోప్ కింద దూరేంత వంపు కాదది. దాన్ని తప్పించేంత ఎత్తున్న రింగులు వేస్తే చెంప గాలిలో తేలుతుంది. కాబట్టి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి: పిడిని తక్కువ ఎత్తుకు మార్పించడం, లేదా కంటికి దూరంగా ఉండే స్కోప్‌ను ముందుకు జరిపి అమర్చడం. జర్మన్లు జడ్.ఎఫ్.41 స్కోప్‌ను వెనక గురి దగ్గర అమర్చారు. సోవియట్లు మోసిన్-నగాంత్ 91/30కి పి.యు. స్కోప్ పెట్టినప్పుడు పొడవైన, కిందికి వంగిన పిడిని వేశారు. పిడిని వేడిచేసి వంచేటప్పుడు ఆ వేడి బోల్టు లగ్గులకు (పేలేటప్పుడు బోల్టును పట్టి ఆపే పళ్లకు) పాకితే ఉక్కు గట్టిదనం పోతుంది. దయచేసి ఆ పనిని ఇంట్లో గ్యాస్ టార్చితో చేయకండి.

అపోహ: ఎత్తు పెరిగితే గురి చెడుతుంది.

వాస్తవం: గుళ్లు పడే గుంపు పరిమాణం మారదు, మార్గపు లెక్క మారుతుంది. స్కోప్ కేంద్రం బ్యారెల్ కేంద్రానికి 38 మి.మీ. కాకుండా 51 మి.మీ. ఎత్తులో ఉంటే, 100 మీటర్లకు సున్నా చేసినప్పుడు (గుండు సరిగ్గా గురిచోటే పడేలా స్కోప్‌ను సరిచేసినప్పుడు) 38 మి.మీ. ఎత్తుతో పోలిస్తే 50 మీటర్ల వద్ద గుండు 6.5 మి.మీ. కిందికీ, 200 మీటర్ల వద్ద 13 మి.మీ. పైకీ పడుతుంది. వేటగాడికి ఇది పెద్ద తేడా కాదు. అసలు నష్టం చెంప దగ్గర జరుగుతుంది. పాత స్టాక్ చెంప దగ్గర కిందికి వాలి ఉంటుంది, అది ఇనుప గురికి సరైన అమరిక. స్కోప్ ఎత్తు పెరిగితే తల ఆనించే చోటు పోతుంది, ప్రతి గుండుకూ కన్ను ఒక్కో చోట నిలుస్తుంది, వెనక్కి తన్నినప్పుడు గొట్టం కనుబొమకు తగిలే ప్రమాదమూ ఉంటుంది. లీ-ఎన్‌ఫీల్డ్ నం.4 (టి)కి బ్రిటిష్ వారు కర్ర చెంపదిమ్మ బిగించారు. గారండ్ ఎం1సి, ఎం1డి రైఫిళ్లలో క్లిప్పు పైనుంచి లోపలికి వెళ్లి పైకే ఎగిరి బయటపడుతుంది కనుక స్కోప్‌ను ఎడమకు జరిపి తోలు దిండు కట్టారు. స్టాక్‌కు చిల్లు పెట్టకుండా తాడుతో కట్టుకునే తోలు దిండ్లు ఇప్పటికీ దొరుకుతాయి, నేను ముందుగా సూచించేవి అవే.

అపోహ: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అన్న పేర్లు అన్ని కంపెనీలకూ ఒకటే.

వాస్తవం: కావు. ఒకరు బేస్ నుంచి గొట్టం కేంద్రానికి కొలుస్తారు, మరొకరు రింగు లోపలి అడుగుకు కొలుస్తారు. 1 అంగుళం గొట్టానికి ఈ రెండింటి మధ్య 12.7 మి.మీ. తేడా వస్తుంది. పేరు చూసి కొనకండి, కొలత ఎక్కడినుంచి ఎక్కడికో అడిగి కొనండి. పాత జర్మన్ స్కోప్‌ల గొట్టం చాలావాటికి 26 మి.మీ. ఉంటుంది, దాన్ని 25.4 మి.మీ. రింగులో బలవంతంగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది.

అపోహ: రెండు రింగులూ ఒకే ఎత్తు కొంటే స్కోప్ వంకర లేకుండా సమంగా కూర్చుంటుంది.

వాస్తవం: అది రిసీవర్‌ను (బోల్టు కదిలే, బేస్ బిగించే ఉక్కు భాగం) బట్టి ఉంటుంది. మౌజర్లలో పెద్ద రింగు రిసీవర్ (ఇక్కడ రింగు అంటే స్కోప్ రింగు కాదు, రిసీవర్ ముందుండే గుండ్రని భాగం) ముందుభాగం వ్యాసం సుమారు 35.8 మి.మీ., స్వీడిష్ 96 వంటి చిన్న రింగు రిసీవర్‌ది సుమారు 33 మి.మీ. పెద్దదానికి చేసిన ముందు బేస్ చిన్నదానిమీద సరిగ్గా కూర్చోదు. వెనక వంతెనమీద (రిసీవర్ వెనక భాగం) క్లిప్పు నిలిచే గాడి ఉందో, ఎవరో గీకి తీసేశారో కూడా చూడాలి. స్కోప్ పెట్టకముందే రెండు బేస్‌ల మీద ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే తేడా కనిపిస్తుంది. ఆ తేడాను మరలు గట్టిగా బిగించి సరిచేస్తే స్కోప్ వంగుతుంది.

అపోహ: రిసీవర్‌కు మర చిల్లులు వేయడం మామూలే.

వాస్తవం: ఇంతకు ముందే ఎవరో మార్చిన రైఫిల్‌కైతే ఫరవాలేదు. భాగాలన్నింటిమీదా ఒకే నంబరున్న అసలు సైనిక రైఫిల్‌కు చిల్లు వేయడాన్ని నేను ఒప్పుకోను, అలాంటి తుపాకీ సేకర్త దృష్టిలో విలువ పోగొట్టుకుంటుంది. మన తెలుగు కుటుంబాల్లో లైసెన్సుమీద వారసత్వంగా వస్తున్న, ఇషాపూర్ కర్మాగారంలో లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో చేసిన .315 రైఫిళ్లకూ బోల్టు, స్టాక్ కొలతలు చూసే రింగులు ఎంచుకోవాలి. అయితే భారత్‌లో తుపాకీ మరమ్మతుకూ, మార్పుకూ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉన్నవారి దగ్గరికే వెళ్లాలి. వారి చేతికి ఇచ్చే ముందు బేస్ ఎత్తు, గొట్టం బయటి వ్యాసం, పిడి పూర్తిగా ఎత్తినప్పుడు దాని శిఖరం ఎంత ఎత్తుకు వస్తుందో, ఈ మూడు కొలతలూ ఒక కాగితంమీద రాసి ఇవ్వండి.