మోకాలు వంగితేనే టాంగో: రష్యన్ ఐస్ డ్యాన్స్ వెనక కథ

మంచు మీద స్కేట్లతో జంటగా చేసే నృత్యం ఐస్ డ్యాన్స్. అది ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1976లో, ఇన్స్‌బ్రుక్ క్రీడలతో. తొలి స్వర్ణం సోవియట్ జోడీ ల్యుద్మిలా పఖోమోవా, అలెగ్జాండర్ గోర్ష్‌కోవ్‌లది. అంతకుముందు చాలాకాలం ఈ ఆటలో బ్రిటిష్ బాల్‌రూమ్ పద్ధతిదే పైచేయి: నిటారైన నడుము, కొలిచినట్టు అడుగులు. 1970లో ప్రపంచ టైటిల్ గెలిచిన ఈ మాస్కో జంట, కోచ్ ఎలెనా చైకోవ్‌స్కాయా కలిసి దానికి రంగస్థలాన్ని, జానపద నృత్యాన్ని జోడించారు.

అందరూ మెచ్చుకునేది అభినయాన్నే. అసలు పనితనం మాత్రం స్కేటు బ్లేడు కింద ఉంది. బ్లేడు అడుగున పొడవునా సన్నని గాడి, దానికి అటూ ఇటూ లోపలి అంచు, బయటి అంచు. ఏ అంచు మీద వాలితే దారి అటు వంపు తిరుగుతుంది. మోకాలు ఎంత వంగితే అంత వాలొచ్చు. రెండంచుల మీదా సమంగా నిలబడితే గీత తిన్నగా పోతుంది. దాన్నే ‘ఫ్లాట్’ అంటారు, మార్కులు పోయేది అక్కడే.

మోహాక్, చాక్టా అనేవి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారుతూ వేసే మలుపులు. మోహాక్‌లో పాదం మారినా వంపు మారదు. చాక్టాలో రెండూ మారతాయి, కాబట్టి అదే కష్టం. ఒకరు అర బీటు ముందుగా అంచు మార్చినా ఇద్దరి మధ్య ఎడం పెరుగుతుంది, పట్టు లాగుడుగా మారుతుంది.

పఖోమోవా, గోర్ష్‌కోవ్, చైకోవ్‌స్కాయా ముగ్గురూ కూర్చిన ‘టాంగో రొమాంటికా’ తర్వాత అందరూ చేసి తీరాల్సిన నిర్బంధ నృత్యాల్లో చేరింది. నిమిషానికి 112 బీట్లు. తాళం అందుకోవాలన్న తొందరలో మోకాలు ముందే లేచిందా, టాంగో కాస్తా నడక అవుతుంది.

తర్వాత తాత్యానా తరాసోవా శిష్యులు బెస్తెమ్యానోవా, బుకిన్ (1988 స్వర్ణం) నాటకీయతను ఇంకా పెంచారు. కొందరికి అది అతి అనిపించింది. క్లిమోవా, పొనొమరెంకోల్లో అభినయం, అంచుల పనితనం రెండూ సమపాళ్లలో కుదిరాయి: 1984లో కాంస్యం, 1988లో రజతం, 1992లో స్వర్ణం. గ్రిష్చుక్, ప్లాతోవ్ 1994, 1998 రెండుసార్లూ గెలిచారు. 2006లో నావ్కా, కొస్తొమారోవ్‌ల తర్వాత రష్యాకు ఈ విభాగంలో ఒలింపిక్ స్వర్ణం లేదు.

2010లో నిర్బంధ నృత్యాలను విడి పోటీగా ఎత్తేశారు. అందరి అంచులనూ ఒకే తాళం, ఒకే గీత మీద పక్కపక్కన పోల్చే వీలు దాంతో పోయిందని పాతతరం ఫిర్యాదు. అందులో న్యాయం ఉంది. ఇప్పుడు చూపు ట్విజిల్ మీదకు మళ్లింది. ఒంటికాలిపై జారుతూనే గిరగిరా తిరగాలి; జారడం ఆగిందా, అది ఉన్నచోటే తిరిగే స్పిన్ అయిపోతుంది.

2006 స్వర్ణం వెనక ఉన్న కోచ్ అలెగ్జాండర్ జూలిన్ దగ్గరే తయారైన సినిత్సినా, కత్సలాపోవ్ 2022 బీజింగ్‌లో రజతం తెచ్చారు. మరుసటి నెలలోనే, ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో, అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య రష్యన్లను పోటీలకు దూరం పెట్టింది.