గోడ పగలగొడితే దుమ్ము ఎటు పోతుంది?

1998లో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక ఫ్యాక్టరీ చేసిన ఓట్స్ సీరియల్ (పాలతో తినే పొడి అల్పాహారం) తిని చాలామంది సాల్మొనెల్లా అగోనా అనే బ్యాక్టీరియాతో జబ్బుపడ్డారు. 2008లో అదే ఫ్యాక్టరీ సీరియల్‌లో అదే బ్యాక్టీరియా మళ్లీ బయటపడింది, జన్యు పరీక్షలోనూ రెండూ కలిశాయి. అంతటి పొడి వాతావరణంలోనూ పదేళ్లు చావకుండా ఉందన్నమాట. ఆహార ఫ్యాక్టరీల్లో మరమ్మతులంటే జంకేది అందుకే. గోడ పగుళ్లలో, టైల్స్ కింద, పాత ఇన్సులేషన్‌లో దాక్కున్నది డ్రిల్లు తగలగానే దుమ్ముతో పాటు లేస్తుంది.

పనిచోటు చుట్టూ 150 మైక్రాన్ల మందం పాలిథీన్ షీటు కట్టడం మామూలే. కాకపోతే చాలాచోట్ల దాన్ని ఫాల్స్ సీలింగ్ దాకా కట్టి వదిలేస్తారు. దుమ్ము పైనుంచి హాయిగా అవతలికి పోతుంది. అసలు శ్లాబు దాకా కట్టి అంచులు టేపుతో మూయాలి. లోపలున్న ఏసీ రిటర్న్ గ్రిల్లులు (గదిలోని గాలిని ఏసీ వెనక్కి లాక్కునే జాలీలు) కూడా మూసేయాలి.

నిజానికి షీటు కన్నా ముఖ్యం గాలి నడక. షీటు లోపల గాలి పీడనం బయటికన్నా సుమారు 5 పాస్కల్స్ తక్కువ ఉంటే, చిల్లు పడినా గాలి లోపలికే వస్తుంది. అందుకు హెపా ఫిల్టరు (అతి సన్నటి దుమ్మునూ పట్టేసే జల్లెడ) ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, గాలిని భవనం బయటికి వదలాలి. సరిగా ఉందో లేదో చూడటం తేలిక: షీటు సందు దగ్గర సన్నటి పొగ వదిలితే లోపలికి పీల్చుకోవాలి. మేస్త్రీలు భోజనానికి వెళ్తూ ఫ్యాను ఆపారా, ఆ అరగంటలోనే దుమ్ము దారి మార్చుకుంటుంది.

శిథిలాలను మూత ఉన్న బండ్లలో, ఉత్పత్తి వైపు రాకుండా బయటి ద్వారం గుండా తీయాలి. కూలీలకు వేరే బూట్లు, వేరే దారి.

బిస్కెట్, పొడుల ప్లాంట్లలో దుమ్మును నీళ్లతో కడగకూడదు. తడి తగిలితే సాల్మొనెల్లా పెరుగుతుంది. హెపా వాక్యూమ్‌తోనే తీయాలి, కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదకూడదు. చల్లటి మాంసం ప్లాంట్లలో శత్రువు లిస్టీరియా అనే మరో బ్యాక్టీరియా. 4 డిగ్రీల చలిలోనూ పెరుగుతుంది, డ్రైన్లలో కాపురం పెడుతుంది. అక్కడ నేలనూ డ్రైన్లనూ కడిగి శానిటైజర్ వేయక తప్పదు.

పనికి ముందు, జరుగుతుండగా, అయ్యాక స్వాబ్ పరీక్షలు (నేలనూ గోడలనూ తుడిచి బ్యాక్టీరియా ఉందేమో చూడటం) చేయాలి. బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే కల్చర్ ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది గనక అప్పటిదాకా సరుకు గోదాములోనే ఆపాలి. షీటు విప్పేటప్పుడే దుమ్ము ఎక్కువ రేగుతుంది: ముందు వాక్యూమ్ చేసి, లోపలివైపుకి చుట్టి తీయాలి. ఫ్యాను అన్నిటికన్నా చివర ఆపాలి.