బెక్వెరెల్‌ను సీవర్ట్‌గా మార్చే ఒకే సూత్రం లేదు: రేడియేషన్ యూనిట్లపై అపోహలు - వాస్తవాలు

న్యూక్లియర్ మెడిసిన్‌లో, అంటే రేడియోధార్మిక మందులతో పరీక్షలు, చికిత్సలు చేసే విభాగంలో, పనిచేసేవాళ్లకు ఈ భయం కొత్త కాదు. ఈమధ్యే ఒకావిడ వాళ్లమ్మగారి బోన్ స్కాన్ రిపోర్టులు రెండు పట్టుకొచ్చారు. పాతదాంట్లో 20 మిల్లీక్యూరీలు, కొత్తదాంట్లో 740 మెగాబెక్వెరెల్‌లు. రెండు అంకెలకీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. "సార్, ఈసారి 37 రెట్లు ఎక్కువ ఎక్కించేశారు. రాత్రంతా నిద్రలేదు నాకు" అన్నారు, గొంతు వణుకుతుండగా.

ఆవిడ చేసిన భాగహారం సరైనదే. 740ని 20తో భాగిస్తే 37 వస్తుంది. కానీ మందు పెరగలేదు. ఒక మిల్లీక్యూరీ అంటేనే 37 మెగాబెక్వెరెల్‌లు. అమ్మగారికి రెండుసార్లూ ఇచ్చింది ఒకే మోతాదు. "అమ్మా, గజాల్లో కొలిచినా మీటర్లలో కొలిచినా స్థలం అదే కదా" అన్నాక గాని కుర్చీలో కూర్చోలేదు.

బెక్వెరెల్ అంకెలు భయపెట్టేలా ఉండడానికి కారణం ఆ యూనిట్ చాలా చిన్నది కావడమే. సెకనుకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరెల్. క్యూరీ అలా కాదు. గ్రాము రేడియంను బట్టి పుట్టిన కొలత అది, సెకనుకు 3,700 కోట్ల విచ్ఛిన్నాలు. 1975లో బెక్వెరెల్‌ను అంతర్జాతీయంగా ఆమోదించినా క్యూరీ వాడకం పోలేదు, అందుకే ఈ గందరగోళం. ఏ స్కానూ చేయించుకోని మనిషి ఒంట్లో కూడా పొటాషియం-40 వల్ల దాదాపు 4,000 బెక్వెరెల్‌లు ఉంటాయి.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ: "ఎన్ని బెక్వెరెల్‌లో చెప్పండి, ఎన్ని సీవర్ట్‌లో చెప్పేస్తాం."

చెప్పలేం. సంచిలో వంద రాళ్లున్నాయంటే బరువు ఎవరైనా చెప్పగలరా? గులకరాళ్లా, బండరాళ్లా తెలియాలి. బెక్వెరెల్ చెప్పేది లెక్క మాత్రమే. సీవర్ట్ చెప్పేది ఒంటికి కలిగే హాని అంచనా. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే అది ఏ ఐసోటోపు (ఏ రకం రేడియోధార్మిక పరమాణువు), ఒంట్లోకి వెళ్లిందా బయటే ఉందా, వెళితే నోటి ద్వారానా ఊపిరి ద్వారానా, ఎక్కడ చేరుతుంది, ఎన్నాళ్లుంటుంది అన్నీ తెలియాలి.

పెద్దవాళ్లు 1,000 బెక్వెరెల్‌ల అయోడిన్-131 మింగితే సుమారు 22 మైక్రోసీవర్ట్‌లు. అదే 1,000 బెక్వెరెల్‌ల ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఉన్న నీళ్లు తాగితే 0.018 మైక్రోసీవర్ట్. తేడా దాదాపు 1,200 రెట్లు! అయోడిన్ నేరుగా వెళ్లి థైరాయిడ్‌లో కూర్చుంటుంది. ట్రిటియం వదిలే బీటా కణాలకు శక్తి బాగా తక్కువ, పైగా నీళ్లతో పాటే బయటికి పోతుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మార్గదర్శక స్థాయి కూడా అయోడిన్-131కి లీటరుకు 10 బెక్వెరెల్‌లు, ట్రిటియంకు 10,000. "నీళ్లలో ఇన్ని వేల బెక్వెరెల్‌లు" అని ఐసోటోపు పేరు లేకుండా ఫార్వర్డ్ చేసే మెసేజీలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు, టెన్షన్ తప్ప.

నా పనిలోనూ రోజూ ఇదే. పెట్ స్కాన్‌కు 370 మెగాబెక్వెరెల్‌ల ఎఫ్‌డీజీ (రేడియోధార్మిక గ్లూకోజు లాంటి మందు) ఇస్తే ఒంటికి సుమారు 7 మిల్లీసీవర్ట్‌లు. అదే 370 మెగాబెక్వెరెల్‌లు అయోడిన్-131 రూపంలో, థైరాయిడ్ అతిగా పనిచేసేవాళ్లకు ఇస్తే ఆ గ్రంథికి పదుల గ్రేలు (గ్రే అంటే కిలో కణజాలం పీల్చుకున్న రేడియేషన్ శక్తికి కొలత), ఒక్కోసారి వందకు పైగా అందుతాయి. అంకె ఒక్కటే, ఒకటి పరీక్ష, ఇంకొకటి చికిత్స. ఐసోటోపు పేరు అడక్కుండానే బెక్వెరెల్‌ను సీవర్ట్‌గా మార్చిపెట్టే కాలిక్యులేటర్ కనబడితే మూసేయండి.

బెక్వెరెల్ పక్కన టైమ్ కూడా ఉండాలి. బోన్ స్కాన్‌లో వాడే టెక్నీషియం-99ఎమ్ అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే సమయం, 6 గంటలు. ఉదయం 740 ఉన్నది మర్నాడు అదే వేళకు, మూత్రంలో పోయేది లెక్కేయకపోయినా, 46కి పడిపోతుంది. ఇంట్లో పసిపిల్లలున్నారని భయపడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

మిగతావి త్వరగా చెప్పేస్తా. రాడ్, రెమ్ అనేవి పాత యూనిట్లు: ఒక గ్రే 100 రాడ్‌లు, ఒక సీవర్ట్ 100 రెమ్‌లు. ఇవి నిజంగా నేరుగా మార్చుకోదగ్గవి. ఎక్స్‌రే, గామా కిరణాలు ఒళ్లంతా సమానంగా తగిలితే గ్రే, సీవర్ట్ అంకెలు ఒకటే అవుతాయి. ఆల్ఫా కణాలకు మాత్రం గ్రే అంకెను 20తో గుణించాలి.

యూనిట్లను పొట్టిగా రాసేటప్పుడు చిన్న ఎం (m) మిల్లీ, పెద్ద ఎం (M) మెగా. మిల్లీకీ మైక్రోకీ వెయ్యి రెట్లు తేడా. నేర్చుకునే రోజుల్లో ఒకసారి సర్వే మీటర్‌లో (గదిలో రేడియేషన్ కొలిచే పరికరం) గంటకు 0.8 మైక్రోసీవర్ట్ చూసి లాగ్‌బుక్‌లో మిల్లీ అని రాశాను. మా సీనియర్ ఆ గది తలుపు మూయించి, అందరినీ బయటికి పంపి, తనే మళ్లీ కొలిచారు. అరగంట పని ఆగింది. అప్పటినుంచి యూనిట్ పూర్తి పేరు అక్షరాల్లో రాస్తున్నాను.

ఇంట్లో వాడే చిన్న గీగర్ మీటర్ల సంగతికొస్తే, అది నిమిషానికి లెక్కపెట్టే టిక్కులు బెక్వెరెల్‌లు కావు. మూలం నుంచి అన్ని వైపులకూ పోయేవాటిలో కొన్నే దానికి తగులుతాయి. ఆ టిక్కుల్ని మైక్రోసీవర్ట్‌లుగా చూపించే అంకె సాధారణంగా సీజియం-137 గామా కిరణాలకు సరిపెట్టినది. ఎదుట వేరే పదార్థం ఉంటే ఆ అంకెను అలాగే నమ్మకూడదు.