మ్యూజియాలు, నాటకాలు మనకు అర్థం కావా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మ్యూజియంలో జనాన్ని దగ్గరుండి తిప్పడం, నాటకం అయ్యాక వాళ్లతో కూర్చుని మాట్లాడించడం నా పని. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది "మాకేం తెలుసండీ, మీరే చెప్పండి" అని ముందే చేతులెత్తేస్తారు. చూడటం వాళ్లకు వచ్చు, కాకపోతే తమకు రాదని ఎవరో నమ్మించేశారు. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: కళ గురించి చదువుకున్నవాళ్లకే ఇవి అర్థమవుతాయి.

శామ్యూల్ బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో'ని అమెరికాలో మొదటిసారి 1956లో మయామీలో ఆడారు. అప్పుడు టికెట్ కొనుక్కుని వచ్చిన పెద్దమనుషుల్లో చాలామంది ఇంటర్వెల్‌కే లేచి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది నవంబరులో అదే నాటకాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో బృందం ఒకటి శాన్ క్వెంటిన్ జైల్లో దాదాపు 1,400 మంది ఖైదీల ముందు వేసింది. ఇద్దరు మనుషులు ఎవరి కోసమో ఎదురుచూస్తూనే ఉంటారు, ఆ వచ్చేవాడు రాడు, కథంతా అంతే. ఖైదీలు కదలకుండా చూశారు. ఎదురుచూపు ఎలా ఉంటుందో వాళ్లకు ఇంకొకరు వివరించాలా? ఆ తర్వాత ఆ జైల్లోనే ఖైదీల నాటక బృందం ఒకటి పుట్టింది కూడా.

నాట్యశాస్త్రంలో భరతుడు మంచి ప్రేక్షకుడి గురించి చెబుతూ, పాత్ర సంతోషిస్తే సంతోషించేవాడు, దుఃఖిస్తే దుఃఖించేవాడు అంటాడు. చదువు అక్కర్లేదని నేను అనను, చదివితే ఇంకా చాలా కనిపిస్తుంది, కానీ అది తర్వాత వచ్చినా ఏం కొంపలు మునగవు.

అపోహ: ఎలాగూ వచ్చాం కాబట్టి అన్నీ చూసెయ్యాలి.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ప్రదర్శనలో ఉన్న వస్తువులే సుమారు 35,000. ఒక్కోదానికి ఒక్క నిమిషం ఇస్తూ రోజుకు 8 గంటలు నిలబడినా 70 రోజులు దాటుతుంది. మ్యూజియంలో కాళ్లు లాగి, బుర్ర మొద్దుబారిపోయే ఆ అలసట మీ ఒక్కరిదే అనుకోకండి. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్, అద్దాల పెట్టెల్లోని వస్తువుల్నీ వాటి వివరాలు రాసిన చీటీల్నీ చూడటానికి మనిషి ఎన్ని వంకర్లు తిరగాల్సి వస్తోందో ఫొటోలు తీయించి మరీ 1916లోనే దీని మీద వ్యాసం రాశాడు.

అందుకే నేను ఒకటి రెండు గదులకు మించి తిప్పను. ఒక బొమ్మ ముందు కూర్చోబెట్టి, పక్కనున్న చీటీ చదవొద్దంటాను. వెలుగు ఎటునుంచి పడుతోంది, ఎవరు ఎవర్ని చూస్తున్నారు, చేతులు ఏం చేస్తున్నాయి, ఓ మూల ఆ కుక్కపిల్ల ఎందుకుంది, ఇలా కంటికి కనిపించేవే అడుగుతాను. మొదటి రెండు నిమిషాలు అందరూ ఇబ్బందిగా కదులుతారు. ఆ తర్వాత ఎవరో ఒకరు "అరె, ఆవిడ ఉత్తరం చదవట్లేదండీ, ఉత్తరం పట్టుకుని తలుపు వైపు చూస్తోంది" అంటారు, ఇక అక్కణ్ణుంచి నేను మాట్లాడాల్సిన పని ఉండదు. చీటీ అప్పుడు చదువుకోవచ్చు.

అపోహ: ఫోన్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది కదా, వెళ్లడం దేనికి?

ఫోన్లో మోనాలిసా బొమ్మ, పికాసో యుద్ధం మీద గీసిన గెర్నికా బొమ్మ ఒకే సైజు. నిజానికి మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. గెర్నికా దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల 76 సెంటీమీటర్ల పొడవు, దాని ముందు నిలబడితే అందులో నోరు తెరిచి అరుస్తున్న గుర్రం మన నెత్తిమీదే ఉంటుంది. వాన్‌గో బొమ్మనైతే ఒకసారి పక్కనుంచి చూడండి, రంగు గట్లు గట్లుగా లేచి నీడలు పడుతుంటాయి.

అపోహ: గదుల్లో లైట్లు తక్కువగా ఉండేది ఖర్చు మిగుల్చుకోవడానికి.

కాదు. కాగితం మీది బొమ్మల్ని, పాత బట్టల్ని వెలుగు తినేస్తుంది, పోయిన రంగు మళ్లీ రాదు. అందుకే వాటి దగ్గర వెలుగు సాధారణంగా 50 లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. కళ్లు అలవాటు పడేదాకా కాసేపు ఆగితే చాలు.

అపోహ: సినిమా వచ్చాక నాటకానికి పనేముంది, గట్టిగా అరిచి నటించడమేగా!

దీనికి నేను జపాన్‌లో 'నో' అనే సంప్రదాయ నాటకంలోని ముసుగుని చూపిస్తాను. చెక్కతో చేసిన పడుచుపిల్ల ముసుగు, మ్యూజియంలో అద్దం వెనక ఏ భావమూ లేనట్టు కనిపిస్తుంది, జనం దాన్ని దాటుకుని వెళ్లిపోతుంటారు. అదే ముసుగు పెట్టుకున్న నటుడు తల కొద్దిగా కిందికి వంచితే నీడ పడి ఏడుస్తున్నట్టుంటుంది, కొంచెం పైకెత్తితే నవ్వుతుంది. చెక్క అదే, మారింది వెలుగు పడే తీరు మాత్రమే. అక్కడ అరుపు ఎక్కడుంది చెప్పండి? ఒకసారి నాటకం చూశాక మళ్లీ ఆ అద్దం పెట్టె దగ్గరికి వెళ్లి, మీరే కాస్త కిందికి వంగి, మళ్లీ లేచి చూడండి.

సినిమాలో ఎవర్ని చూడాలో కెమెరా చెప్పేస్తుంది. నాటకంలో స్టేజీ మీద ఎటు చూడాలో మీ ఇష్టం, కాబట్టి ఓ పది నిమిషాలు డైలాగు చెప్పేవాణ్ణి వదిలేసి, వినేవాణ్ణి చూడండి. మంచి నటులెవరో అక్కడ తెలిసిపోతుంది.

అపోహ: గొప్పదని పేరున్నది నచ్చకపోతే లోపం నాదే.

నచ్చకపోవచ్చు, పైకి చెప్పొచ్చు కూడా, నాకూ నచ్చని ప్రఖ్యాత చిత్రాలు చాలా ఉన్నాయి. కాకపోతే "బోర్" అని ఆగిపోకండి. ఏ సీన్ దగ్గర మనసు పక్కకి పోయింది, ఆ సమయంలో స్టేజీ మీద ఎవరున్నారు, లైటు ఎక్కడుంది, పక్క సీటులోవాళ్లకు కూడా అక్కడే విసుగొచ్చిందా అని బయటికొచ్చే దారిలోనే మాట్లాడుకోండి, ఇంటికెళ్లేసరికి సగం మర్చిపోతారు.